రంధ్రంలో రాగి, పెట్టె మీద దురాయి

నేను చేయని రేడియో పెట్టె మీద నా పేరు కొట్టారు. ఆ పెట్టె నడిసముద్రంలో మూగబోయింది. అది మూగబోయినందుకు నేను చేసిన పెట్టెలన్నిటి మీద పాలెంలో దురాయి పడింది.

జరిగింది ఇంతే. పందొమ్మిది వందల అరవైల మధ్యలో జరిగిన ఈ అన్యాయాన్ని తలుచుకుంటే, ఈ వయసులో కూడా నా చెవులు వేడెక్కుతాయి. దురాయి అంటే తెలియని పిల్లలకు చెబుతాను. మా నెల్లూరు తీరంలో చేపలు పట్టేవాళ్ళ పాలేలలో పెద్దలు కూర్చుని వేసే కట్టడి అది. ఫలానా రోజు వేటకు పోకూడదు, ఫలానా వల వాడకూడదు అని తప్పెట కొట్టి చెబుతారు. మీరితే తప్పు కట్టాలి, పదిమందిలో తలవంచుకోవాలి. పోలీసులు చెప్పిన మాటనైనా మరిచిపోతారు గానీ, దురాయిని ఎవరూ మరవరు. ఆ ఏడు విడవలూరు వైపు పాలెంలో తప్పెట కొట్టి చెప్పిన మాట ఇది: "దేవసహాయం పెట్టె ఏ పడవలోనూ ఎక్కకూడదు."

దేవసహాయం నేనే.

ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ పనిలోకి వచ్చే పిల్లలు సర్క్యూట్ బోర్డు కావాలంటే ఫోనులో బొమ్మ పంపిస్తారు, వారం తిరక్కుండా బోర్డు ఇంటికి వస్తుంది. దాని రెండు ముఖాలనూ కలిపే సన్నటి రంధ్రాల లోపల రాగి పూత మెరుస్తూ ఉంటుంది. ఆ రాగి అక్కడికి ఎలా చేరిందని నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను.

చలపతి గారి షాపు

నాకు చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయింది. ఆ తరువాత చదివినదంతా టౌన్‌హాలు దగ్గరి లైబ్రరీలో, ఒక చేతిలో ఇంగ్లీషు నిఘంటువు పట్టుకుని చదివిందే. మొదట పూతపని షాపులో చేరాను. సైకిలు రిమ్ములకు నికెల్ పూత, హార్మోనియం మెట్లకు ఇత్తడి మెరుగు, ఏడాదికొకసారి మా చర్చిలో ప్రభురాత్రి భోజనపు గిన్నెలకు వెండి పూత. ఆ పని నేర్పింది ఒక్కటే: ముట్టుకున్నచోట పూత నిలవదు. చేతి చెమట కంటికి కనబడదు, పూత మందు తొట్టికి కనబడుతుంది.

తరువాత చలపతి గారి రేడియో షాపులో చేరాను. ఆయన గురించి మంచీ చెడూ రెండూ చెప్పాలి. ఏది పాడైందో చెవితో విని చెప్పేవాడు. "ఒరే దేవా, చేత్తో గెలకబాక. ముందు విను. అది దాని నొప్పి అదే చెప్తాది" అనేవాడు. ఆ ఒక్క మాట నాకు జీవితాంతం అన్నం పెట్టింది. ఆయనకు ఉన్న చెడు కూడా ఒక్కటే. పని పూర్తయ్యేదాకా ఆగలేడు. ఉడికీ ఉడకని అన్నం వడ్డించే మనిషి. మీకు పైవాడుగా ఇలాంటివాడు దొరికితే, ఆయన చెవి దగ్గర నేర్చుకోండి, ఆయన చేతి దగ్గర వద్దు.

పడవ అడిగిన పెట్టె

ఒకరోజు మధ్యాహ్నం షాపుకు పోలయ్య వచ్చాడు. పాలెంలో మొదటగా ఇంజను పడవ దింపిన కుర్రవాడు. చంకలో ఒక ట్రాన్సిస్టరు రేడియో. దాన్ని బల్లమీద పెట్టి తడితే ఉప్పు రాలింది.

"అన్నా, ఇది ఒడ్డున పాటలు పాడతాది. ఏటిమొగ దాటి సముద్రంలోకి పోంగానే గొంతు పట్టేస్తాది. మాకు పాటలు ఎందుకన్నా? తుపాను వస్తా ఉండాదని చెప్పే ఆ రెండు ముక్కలు వినబడితే చాలు."

"ఇంజను వణుకు, ఉప్పుగాలి. ఏ రేడియో తట్టుకుంటుంది పోలయ్యా?"

"తట్టుకునేది చెయ్యి. పడవ తట్టుకోవడం లా? ఇది తట్టుకోదా?"

ఆ మాట నాకు తగిలింది. నిజమే, కొయ్యపడవ తట్టుకుంటుంటే మనం చేసే పెట్టె ఎందుకు తట్టుకోకూడదు?

గాలి చొరబడని చిన్న ఇత్తడి డబ్బాలో రేడియో మొత్తం ఇమడాలి. మూత అంచుకు మైనం, స్పీకరుకు మైనపు గుడ్డ. డబ్బా చిన్నది కాబట్టి బోర్డుకు ఒక ముఖమే చాలదు, రెండు ముఖాల మీదా రాగి దారులు గీయాలి. మద్రాసు పాత సామాను బజారులో రెండు వైపులా రాగి అంటించిన బేకలైటు అనే గట్టి ప్లాస్టిక్ రేకు ముక్కలు దొరికేవి. పైదారిని కిందిదారితో కలపాలంటే రంధ్రం చేసి, అందులో తీగ దూర్చి, రెండు పక్కలా టంకం పెట్టాలి. అందరూ చేసేది అదే, నేనూ అదే చేశాను. చెక్కపలకకు ఆ బోర్డు బిగించి, పోలయ్య ఇంజను పక్కన పెట్టి నడిపించి చూశాం. తీగలు ఒక్కొక్కటీ టంకం దగ్గర విరిగాయి. విరిగిన చోట పచ్చటి చిలుము.

రాగిని రంధ్రంలోకి దూర్చితే విరుగుతుంది. రంధ్రం గోడమీదే రాగి పుడితే ఎందుకు విరుగుతుంది? పూతపని చేసినవాణ్ణి కాబట్టి నాకు ఆ ఆలోచన వచ్చింది. అదేదో గొప్ప మేధస్సు అని చెప్పను. రెండు పనులు చేసిన చేతికి ఒక పని చేసిన చేతికన్నా దారులు ఎక్కువ తెలుస్తాయి, అంతే. పిల్లలకు నేను చెప్పేదీ అదే. మీ పని కాని ఇంకొక పని ఏదైనా నేర్చుకోండి. వంటపని అయినా సరే.

మస్తానన్న అద్దం

చిక్కు ఎక్కడుందంటే, బేకలైటులో కరెంటు పారదు. కరెంటు పారనిచోట, రాగి కరిగి ఉండే మైలుతుత్తం నీళ్ళలో ఎంతసేపు ఉంచినా రాగి కూర్చోదు. ముందు ఆ రంధ్రం గోడకు కరెంటు పారే పలచటి పొర ఏదో ఒకటి వేయాలి. పెన్సిలు ముల్లును మెత్తగా నూరి, కోడి ఈకతో రంధ్రాలలో పూశాను. రాగి పట్టింది గానీ, బొల్లి మచ్చల్లా అక్కడొకటి ఇక్కడొకటి పట్టింది.

నెల్లూరులో అద్దాలకు వెనుక వెండి పోసే మస్తాన్ సాయిబు గారిని నేను మస్తానన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన ఇంటికి ఒక అద్దం పని మీద పోయి, గాజుపలక మీద నీళ్ళు పోసినట్టు ఏదో పోసి, చూస్తూ ఉండగానే అది అద్దమైపోవడం కళ్ళారా చూశాను. గాజులో కరెంటు పారదు కదా! గాజుమీద వెండి కూర్చుంటే బేకలైటు మీద కూర్చోదా?

"మస్తానన్నా, ఈ రంధ్రంలోపల అద్దం చెయ్యగలవా?"

ఆయన ఆ రేకును ఎండకెత్తి ఒక కన్ను మూసి చూశాడు. "దీంట్లో ముఖం చూసుకునేది ఎవురు తమ్ముడూ? చీమా?"

"కరెంటు చూసుకుంటుందన్నా."

"అయితే చేద్దాం. కరెంటుకి మా అద్దాలు ఎప్పుడూ అమ్మలా."

ముందు తగరపు ఉప్పు కలిపిన నీళ్ళతో రంధ్రాలు కడగాలి, ఆ తరువాత వెండి మందు, దాని వెంట చక్కెర నీళ్ళు. ఎలా చేయాలో చూపించాడు. ఇంటికి వచ్చి నేనే చేశాను. వెండి మందు గిన్నెలో పడగానే పాలు విరిగినట్టు తెల్లగా అయిపోయింది. మళ్ళీ చేస్తే మళ్ళీ తెలుపే. మందు కల్తీదని మస్తానన్న మీదికి కోపంగా పోయాను.

"ఏ నీళ్ళు పోసినావు?"

"మా బావి నీళ్ళు. తాగే నీళ్ళేనన్నా, తియ్యగా ఉంటాయి."

ఆయన పకపకా నవ్వి, లోపలున్న భార్యను కేకేశాడు. "విన్నావా? సముద్రం గాలి పీలుస్తా పెరిగినోడు ఉప్పుకి నాలిక చచ్చిపోయి, బావినీళ్ళు తియ్యగా ఉండాయంటా ఉండాడు!" తరువాత నా వైపు తిరిగాడు. "తమ్ముడూ, ఈ తీరంలో బావుల్లో సముద్రం దాక్కోని ఉంటాది. మన నాలికకి తెలీదు, వెండికి తెలస్తాది. వాననీళ్ళు పట్టుకో. మొదటి వాన ఇంటికప్పును కడగతాది, దాన్ని వదిలెయ్. రెండో వాన పట్టు."

వాళ్ళ పెరట్లో వరసగా జాడీలు, మూతులకు గుడ్డలు కట్టి ఉండేవి. అవి ఊరగాయలనుకున్నాను ఇన్నాళ్ళూ. అన్నీ వాననీళ్ళే. ఆ నీళ్ళతో చేస్తే రంధ్రం గోడ లోపల వెండి తెల్లగా మెరిసింది. పైముఖాల మీద పడ్డ వెండిని ముగ్గుపిండితో తోమి తీసేశాను.

ఉయ్యాల తాడు

వెండి పొర మీద రాగి కూర్చోబెట్టడం ఇక నా పని. మైలుతుత్తం నీళ్ళు, అందులో కాస్త బ్యాటరీ యాసిడ్, రెండు పక్కలా రాగి పలకలు, మధ్యన బోర్డు. కారు బ్యాటరీ నుంచి కరెంటు. నేను తొందరపడ్డాను. కరెంటు పెంచితే పని త్వరగా అవుతుందనుకున్నాను. రంధ్రం నోటి దగ్గర రాగి పేరుకుని, లోపల డొల్లగా మిగిలింది. గబగబా తినిపిస్తే బిడ్డ బుగ్గన పెట్టుకుంటుంది చూడండి, మింగదు. అలాగన్నమాట.

కరెంటు తగ్గించాను. అయినా రంధ్రం లోపలి నీళ్ళు కదలవు కాబట్టి, అందులోని రాగి అయిపోతే కొత్త రాగి లోపలికి రాదు. బోర్డును ఆపకుండా మెల్లగా ముందుకూ వెనక్కీ ఊపుతూ ఉండాలి. పూట పూటంతా ఎవరు ఊపుతారు?

అప్పుడు మా అమ్మాయి రూతు ఉయ్యాలలో ఉంది. నా భార్య సారమ్మ ఒక చేత్తో ఉయ్యాల తాడు లాగుతూ, ఇంకో చేత్తో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను ఆ తాడు వైపే చూస్తూ కూర్చున్నాను.

"ఏమయ్యా, అట్టా చూస్తా ఉండావు? బిడ్డ నిన్ను చూసి ఏడస్తాది."

"సారమ్మా, ఆ ఉయ్యాలకి ఇంకొక తాడు కడితే నీకేమన్నా బరువా?"

"దేనికి?"

చెప్పాను. చేతిలో చేట కింద పెట్టింది. "బిడ్డ పక్కన తుత్తం తొట్టి పెడతావా? నీకు మతి ఉండాదా?"

"పక్కన కాదు. తొట్టి వసారాలో. తాడు గోడలోంచి వస్తుంది."

"ఇంకేం, గోడకి కూడా రంధ్రం పెట్టు. బోర్డు అయిపోయింది, ఇప్పుడు ఇల్లు!"

గోడకు రంధ్రం పెట్టాను. ఉయ్యాల ఊగితే వసారాలో గాజు తొట్టిలో బోర్డు ఊగేది. బిడ్డ నిద్రకు కావలసిన ఊపూ, రాగికి కావలసిన ఊపూ ఒక్కటే అని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మెల్లగా, ఆగకుండా, కుదుపు లేకుండా. ఆ బోర్డు తీసి రంధ్రంలోకి చూస్తే, గోడంతా గులాబి రంగు రాగి, ఎక్కడా మచ్చ లేదు. "సారమ్మా, ఇటు రా" అని అరిచాను. ఆ అరుపుకు రూతు లేచి ఏడ్చింది. నాకు పడ్డ తిట్లు ఇక్కడ రాయను.

తరువాత ఇంకొక తప్పు కూడా చేశాను. దారులు గీసి, మిగతా రాగిని ద్రావకంలో కరిగించేటప్పుడు రంధ్రాలకు మూత పెట్టడం మరిచాను. ద్రావకం లోపలికి పోయి, అంత కష్టపడి పెంచిన రాగిని తినేసింది. అప్పటినుంచి ప్రతి రంధ్రాన్నీ మైనంతో నింపిన తరువాతే ద్రావకంలో ముంచేవాణ్ణి. కష్టపడి కట్టినదాన్ని చివరి మెట్టులో పోగొట్టుకోవడమే ఈ వృత్తిలో ఎక్కువగా జరిగేది. చివరి మెట్టు దగ్గర మనిషికి ఆకలి వేస్తుంది, ఇంటికి పోవాలనిపిస్తుంది. జాగ్రత్త.

పేరు కొట్టడం

మొదటి పెట్టె పోలయ్యకు ఇచ్చాను. ఇంజను పక్కన ఒక వేట కాలమంతా ఉంది, మాట్లాడుతూనే ఉంది. రెండోది అతని మామకు. మూత మీద ఉలితో 'దే' అని చిన్న అక్షరం కొట్టేవాణ్ణి. పాలెంలో పెట్టె అడిగేవాళ్ళు షాపుకు వచ్చి "దే పెట్టె ఉండాదా?" అనేవాళ్ళు.

చలపతి గారికి ఆ గిరాకీ కనబడింది. నా ఉయ్యాలలో ఆయనకు కనబడింది ఆలస్యం ఒక్కటే.

"ఒరే దేవా, బిడ్డ నిద్రపోతే గానీ బోర్డు రాదంటే వ్యాపారం ఎట్టా జరగతాది? మద్రాసులో రంధ్రానికొక డొల్ల రివెట్టు కొట్టి ఇస్తారు. చిటికెలో పని."

"రివెట్టు బేకలైటుకు అంటుకోదండీ. నొక్కుకుని ఉంటుందంతే. వేడికీ చలికీ వదులవుతుంది. ఆ సందులో ఉప్పు దిగుతుంది."

"నువ్వు రంధ్రాల్లో మునిగి లోకాన్ని మరిచినావు" అన్నాడు.

ఆయన మద్రాసులో రివెట్ల బోర్డులు చేయించి, అవే ఇత్తడి డబ్బాలలో పెట్టి, మూత మీద 'దే' కొట్టించి పాలెంలో అమ్మాడు. నాకు తెలియదు. పోలయ్య పాత పెట్టెను మామ కొడుక్కు ఇచ్చేసి, కాస్త గట్టిగా పలుకుతుందని షాపులో కొత్త పెట్టె కొనుక్కున్నాడు. అది రివెట్ల పెట్టె.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. రేడియోలో హెచ్చరిక చెప్పారు. పోలయ్య పెట్టెలో గరగర, తరువాత ఏమీ లేదు. మిగతా పడవలు ఒకదాన్ని చూసి ఒకటి వెనక్కి తిరిగాయి, దూరం పోయిన పోలయ్య పడవ తిరగలేదు. గాలీ సముద్రపు ఒరవడీ దాన్ని దక్షిణానికి ఈడ్చుకుపోయాయి. పాలెంలో ఆడవాళ్ళు ఒడ్డున కూర్చుని శోకాలు పెట్టారు. చివరకు వాకాడు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చాడని కబురు వచ్చింది. మనుషులంతా బతికారు. పడవకు ఒక పక్క పలకలు లేవు.

పాలెం పెద్దకాపు కోటయ్య, అంటే ఊరి పెద్ద, షాపుకు మనిషిని పంపి అడిగించాడు. చలపతి గారు చెప్పిన మాట: "లోపలి పనంతా దేవసహాయానిదే. పేరు కూడా వాడిదే కదా, మూత చూడండి."

ఆ సాయంత్రమే తప్పెట మోగింది.

అదే రోజు షాపు మానేశాను. వెళ్ళేముందు ఎందుకు చేశావని అడిగితే ఆయన సిగ్గుపడలేదు. "నీ పేరు వేస్తే అమ్ముడుపోతాదని వేసినా. అది నీకు గొప్పే గదా" అన్నాడు. పిల్లలూ, మీ పేరు దొంగిలించినవాడు మిమ్మల్ని పొగుడుతూనే దొంగిలిస్తాడు. ఆ పొగడ్త విని మెత్తబడకండి.

రంపం

కోటయ్య దగ్గరికి పోయాను. ఆయన వయసులో ఉన్నప్పుడు పలకలకు కొబ్బరి తాడు దూర్చి పడవలు కుట్టినవాడు. వేళ్ళకు ఆ కాయలు ఇంకా ఉన్నాయి.

"కోటయ్యన్నా, ఆ మూగ పెట్టె నాది కాదు."

"నీ అచ్చరం ఉండాదే."

"అక్షరం ఎవడైనా కొడతాడు. రంధ్రం ఎవడూ కొట్టలేడు. పెద్దల్ని కూర్చోబెట్టు, చూపిస్తాను."

కూర్చున్నారు. చలపతి గారు కూడా తెల్ల పంచెలో వచ్చాడు. పోలయ్య తన మూగ పెట్టె తెచ్చాడు. నేను పోలయ్య మొదటి పెట్టెను, ఇంకా పాడుతున్నదాన్ని, వాళ్ళ మామ కొడుకు దగ్గర అడిగి తీసుకున్నాను. రెండింటినీ పాలెం వాళ్ళ కళ్ళముందే విప్పాను. సంచిలోంచి రంపం తీశాను.

పోలయ్య లేచాడు. "అన్నా, అది బాగుండే పెట్టె! దాన్ని ఎందుకు కోస్తావు?"

"మూగదాన్ని కోస్తే నమ్మరు. మాట్లాడేదాన్ని కోస్తేనే నమ్ముతారు."

నా చేతి పనిలో అన్నిటికన్నా మంచి బోర్డు అది. రంధ్రాల వరుస నడుమగా కోశాను. మూగ బోర్డును కూడా అలాగే కోశాను. రెండు కోతలనూ సానరాయి మీద నున్నగా అరగదీసి, కడిగి, భూతద్దంతో సహా కోటయ్య చేతిలో పెట్టాను.

ఆయన చాలాసేపు చూశాడు. నా బోర్డులో ప్రతి రంధ్రం గోడా పైనుంచి కింద దాకా ఒకే ఎర్రటి గీత, రెండు ముఖాల రాగితో కలిసిపోయి ఉంది. రెండోదానిలో రివెట్టుకూ గోడకూ మధ్య సందు, ఆ సందు నిండా పచ్చటి చిలుము.

"ఇది మేకు కొట్టిన పడవ" అన్నాడు కోటయ్య, మూగదాన్ని ఎత్తి చూపిస్తూ. "మేకు పక్కనే నీళ్ళు దిగినాయి. ఇది..." అని నాదాన్ని ఎత్తాడు, "ఇది కుట్టలా, కొట్టలా. మాను ఎదిగినట్టు ఎదిగి ఉండాది. ఏంది చలపతయ్యా, ఇవి రెండూ ఒకే చెయ్యి అంటావా?"

"ఉప్పుగాలికి ఏదైనా పాడవతాదండీ" అన్నాడు చలపతి.

"రెండూ ఒకే ఉప్పుగాలి తిన్నాయి గదయ్యా!" వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు. ఆయన పంచె సర్దుకున్నాడు.

దురాయి తీసేస్తారనుకుని నేను లేచాను. కోటయ్య చేయెత్తాడు.

"కూర్చో దేవసాయం. నా కంటికి బాగుండాది. కానీ మేం కంటితో చూసి దురాయి వెయ్యలా, కంటితో చూసి తియ్యం. మూగబోయిందని చెప్పింది సముద్రం. మాట్లాడిందని కూడా సముద్రమే చెప్పాల. ఒక్క పడవకి సెలవిస్తా. ఒక కొత్త పెట్టె చెయ్యి. మూతకి నా చేత్తో లక్క ముద్ర వేస్తా. తుపాను కాలం గడిచేదాకా ఎవురూ విప్పకూడదు, నువ్వు కూడా."

"ఆ పెట్టెని ఎక్కించుకునే పడవ ఏది?" అని ఒకాయన అడిగాడు.

 పోలయ్య తల్లి కొడుకు భుజం పట్టుకుని కూర్చోబెట్టాలని చూసింది. అతను లేచాడు.

"మూగ పెట్టెని మోసినోణ్ణి నేనే. మాట్లాడేదాన్ని మోసేది కూడా నేనే."

మళ్ళీ ఉయ్యాల

ఇప్పుడు నా పెట్టె మాట్లాడకపోతే పోయేది పేరు ఒక్కటే కాదు, పోలయ్య. ఆ భయం నా చేతుల్లో ఉండగా ఆ బోర్డు మొదలుపెట్టాను.

పెద్దలు కూర్చునేసరికే వేసవి వచ్చింది. ఎండలు మండుతున్నాయి, వాన చుక్క లేదు. మస్తానన్న జాడీలన్నీ బోర్లించి ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాన్ని పెళ్ళివారి నిలువుటద్దం కోసం దాచుకున్నాడు.

"తీసుకుపో."

"మరి పెళ్ళి అద్దం?"

"పెళ్ళికూతురు ఒక నెల ముఖం చూసుకోకపోతే ఏం కాదు. పెళ్ళికొడుకు చూస్తాడులే. పో."

రెండో చిక్కు ఇంట్లో. రూతు నడక నేర్చింది. ఉయ్యాలలో వేస్తే దిగి పరుగెత్తేది. ఖాళీ ఉయ్యాల ఊపితే తేలిపోయి కుదుపులు. రాయి పెట్టి ఊపితే దాని ఊపు వేరు. తలపట్టుకు కూర్చున్నాను. సారమ్మ నన్ను చూసి బయటికి పోయింది. కాసేపటికి పక్కింటి మేరమ్మ బిడ్డను ఎత్తుకుని వచ్చింది.

"దీనికి పగలు నిద్ర పట్టదంట. వెయ్యి ఉయ్యాల్లో."

తరువాత మరొకరు, ఆ తరువాత మరొకరు. వీధి వీధంతా బిడ్డల్ని తెచ్చారు. "సారమ్మక్కా, మీ ఇంటాయన బోర్డుకి మా వాణ్ణి కూడా కాస్త ఊపు" అని నవ్వుతూ వదిలిపోయేవాళ్ళు. ఒక బిడ్డ లేస్తే ఇంకొక బిడ్డ. తాడు ఆగలేదు. ఆ బోర్డు రంధ్రాలలో మా వీధి బిడ్డలందరి నిద్రా ఉంది. అంతకన్నా మంచి రాగిని నేను మళ్ళీ ఎప్పుడూ పోయలేదు. పెద్ద కంపెనీల పనులు చేసినప్పుడు కూడా పోయలేదు.

కోటయ్య లక్క ముద్ర వేశాడు. పోలయ్య పెట్టె ఎక్కించుకుని పోయాడు. ఇక నా చేతిలో ఏమీ లేదు. మన పని మన చేయి దాటి పోయాక వచ్చే ఆ ఖాళీని మీరూ అనుభవిస్తారు. దానికి మందు లేదు.

తప్పెట

వేసవి పోయింది, వానలు వచ్చాయి. నేను వారానికోసారి పాలెం పోయి కోటయ్యను ఒకటే అడిగేవాణ్ణి. "అన్నా, దురాయి ఎప్పుడు తీస్తారు?" ఆయన వల బాగుచేసుకుంటూ తల ఎత్తేవాడు కాదు. "సముద్రాన్ని అడుగు" అనేవాడు.

కార్తీకం మళ్ళీ వచ్చింది. ఒకరోజు ఆకాశం రాగి చెంబు రంగుకు తిరిగింది. మరునాడు గాలి. మా ఇంటి పెంకులు లేచాయి. సారమ్మ మోకరించి ప్రార్థన చేస్తూ ఉంది, నేను చేయలేకపోయాను. నా కళ్ళముందు ఆ బోర్డు రంధ్రాలే ఒక్కొక్కటిగా కనబడుతున్నాయి. మైనం పెట్టానా? కడిగింది వాననీళ్ళతోనేనా? చేయి తగిలిందా?

గాలి తగ్గగానే సైకిలు తీసుకుని బయలుదేరాను. దారంతా నీళ్ళు. సైకిలు ఎక్కిందానికన్నా మోసిందే ఎక్కువ. పాలెం దగ్గరికి వచ్చేసరికి తప్పెట వినబడింది. సైకిలు భుజం మీంచి దించాను. కిందటేడు కూడా గాలి తరువాత మోగింది ఆ తప్పెటే.

ఇసుక దిబ్బ ఎక్కి చూశాను. పడవలన్నీ ఒడ్డుకు లాగి, తాళ్ళు కట్టి వరుసగా ఉన్నాయి. పోలయ్య పడవ కోసం వెదికాను. ఆ చివర ఉంది. దాని మీద పోలయ్య కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూసి దూకి, ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నా! నడిసముద్రంలో ఉండాము. కాళ్ళ దగ్గర పెట్టె గరగరలాడింది. సచ్చిందిరా అనుకున్నా. గరగర కాదన్నా, గొంతు సవరించుకుంది! తుపాను వస్తా ఉండాది, పడవలు తిరగమంది, ముక్క ముక్కా వినబడింది. కర్రకి నా పంచె కట్టి ఎగరేసినా. కనబడిన పడవ కనబడినట్టు తిరిగింది. అందరం మొగలోకి వచ్చినాక మొదలైంది గాలి!"

అతని వెనక మొగవాళ్ళు, ఆడవాళ్ళు. నా చేయి ఎవరో పట్టుకున్నారు, ఎవరో వదిలారు, ఇంకెవరో పట్టుకున్నారు. పోలయ్య తల్లి నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని మెటికలు విరిచింది. 

పెద్దలు కోటయ్య ఇంటి ముందు కూర్చుని ఉన్నారు. నా పెట్టె మధ్యలో ఉంది, లక్క ముద్ర చెదరలేదు. తప్పెట వాడు పక్కనే నిలబడి ఉన్నాడు. నన్ను పిలవకుండానే కూర్చున్నారు, నన్ను అడగకుండానే ఏదో తేల్చారు. ఇంత ఆనందంలోనూ నాకు కోపం వచ్చింది. ఏడాదిగా అడిగిన మాటే మళ్ళీ అడిగాను, ఈసారి గట్టిగానే అడిగాను.

"కోటయ్యన్నా, సముద్రం చెప్పింది గదా. నా పెట్టె మీద దురాయి తీసినారా, లేదా?"

ఆయన నా వైపు తిరిగాడు. తప్పెట వాణ్ణి ఆగమన్నాడు. పాలెమంతా వినేటట్టు చెప్పాడు:

"తియ్యలా దేవసాయం. తిరగేసినాము. నేటినుంచి నీ పెట్టె లేని పడవ ఏటిమొగ దాటకూడదు."